కప్పు గొప్పా, ఆట గొప్పా? సికింద్రాబాదు మైదానాల్లో తెగని తగవు

సికింద్రాబాదు స్టేషనులో మేడ్చల్ బండి ఎక్కితే, మల్కాజిగిరి దాటిన కొద్దిసేపటికి అమ్ముగూడ వస్తుంది. మోండా మార్కెట్టుకు కూరగాయలు తెచ్చే రైతులకు, గాంధీ ఆసుపత్రికి వచ్చిపోయే పల్లె జనానికి ఆ స్టేషను తెలిసిందే. బండి అక్కడ ఎక్కువసేపు ఆగదు. దిగేవారు దిగుతారు, ఎక్కేవారు ఎక్కుతారు. 1936లో తులసీదాస్ బలరాం అనే బీదింటి పిల్లవాడు అక్కడే పుట్టాడని, ఆ పిల్లవాడే పెరిగి పెద్దవాడై రెండు ఒలింపిక్సులలో భారతదేశం తరఫున ఫుట్‌బాల్ ఆడాడని ఆ బండిలో పోయేవారిలో ఎందరికి తెలుసో చెప్పలేం.

బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 86 ఏళ్ళు. 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం సాధించిన జట్టులో ఆయన ఒకరు. అర్జున అవార్డు కూడా ఆ ఏడే వచ్చింది. పద్మ బిరుదు మాత్రం రాలేదు. ఆయనతో భుజం కలిపి ఆడిన పి.కె. బెనర్జీకి, చునీ గోస్వామికి వచ్చింది. అయినా ఆయన ఆట చూసిన పాతతరం వారిని కదిలిస్తే పతకాల సంగతి ముందు ఎత్తరు. బంతి ఎలా అందుకునేవాడు, ఎవరికి ఎలా అందించేవాడు, ముందుకు దూకేవాడు వెనక్కి వచ్చి ఎలా అడ్డుపడేవాడు అన్నదే మాట్లాడతారు.

ఇక్కడే పాత తగవు మొదలవుతుంది. ఆట చూసేవాడు దేనికి విలువ ఇవ్వాలి? గెలిచి తెచ్చిన కప్పుకా? ఆడిన తీరుకా?

ఈ తగవు పట్నం వారికే పరిమితమైంది కాదు. సంక్రాంతికి ఊళ్ళలో కబడ్డీ పోటీలు పెట్టినప్పుడు ప్రతి ఏడూ వచ్చేదే. షీల్డు కోసం పొరుగు జిల్లా నుంచి ఇద్దరు బలమైన ఆటగాళ్ళను తెచ్చి ఊరి పేరు మీద దింపుతారు. ఊరు గెలుస్తుంది. షీల్డు పంచాయతీ ఆఫీసు బీరువా ఎక్కుతుంది. ఊరి కుర్రాళ్ళు గీత బయట కూర్చుని చప్పట్లు కొడతారు. మరుసటి ఏడు ఆ ఇద్దరూ ఇంకో ఊరి పేరు మీద కూతకు వస్తారు. ఊరి పేరు గెలిచింది సరే, ఊరు ఏం నేర్చుకుంది అని అడిగేవాడు ఒకడైనా ఉంటాడు. గెలిచినవాడిదే మాట గనుక ఆ రోజు అతని మాట ఎవరూ వినరు.

సికింద్రాబాదులో ఈ ప్రశ్న వేసినవాడి మాట వినకుండా ఎవరికీ తప్పలేదు. ఎందుకంటే ఆయన కప్పులు కూడా తెచ్చి చూపించారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి బడిపంతులు.

బూట్ల ఆట, ఉత్తకాళ్ళ ఆట

సికింద్రాబాదుకు ఫుట్‌బాల్ సిపాయిలతో వచ్చింది. 1806లో ఇక్కడ ఇంగ్లీషువారి దండు దిగిన తరువాత తిరుమలగిరి, బొల్లారం వరకు బారకులు లేచాయి, పెరేడు మైదానాలు ఏర్పడ్డాయి. సాయంకాలం తెల్ల సోల్జర్లు బూట్లు తొడుక్కుని బంతి ఆడేవారు. చుట్టూ ఉన్న బస్తీల పిల్లలు, దండులో పనిచేసేవారి పిల్లలు గట్టు మీద కూర్చుని చూసేవారు. చూసి చూసి వాళ్ళూ దిగారు. వాళ్ళకు బూట్లు లేవు.

బూట్లున్నవాడి ఆట ఒక రకం. బంతిని బలంగా దూరం తన్నడం, దాని వెంట పరుగెత్తడం, అడ్డొచ్చినవాణ్ణి భుజంతో నెట్టడం. ఉత్తకాళ్ళవాడికి అది కుదరదు. బూటు కింద వేలు పడితే వారం రోజులు మంచం మీదే. అందుకని అతను బంతిని కాలికి అంటుకున్నట్టు పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఒకణ్ణి, ఇద్దర్ని తప్పించుకుని పోవడం నేర్చాడు. దీన్ని డ్రిబ్లింగు అంటారు. చూడడానికి కన్నుల పండుగ. ఒక్కడు నలుగుర్ని బోల్తా కొట్టిస్తుంటే జనం ఈలలు వేయకుండా ఉండగలరా?

జనం ఈలలతోనే చిక్కు కూడా వచ్చింది. పద్య నాటకాలు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. కృష్ణుడి వేషగాడు ఒక పద్యం ఎత్తుకుని రాగం తీయడం మొదలుపెడితే, జనం ‘వన్స్ మోర్’ అంటారు. అతను మళ్ళీ తీస్తాడు. ఇంకాసేపు తీస్తాడు. పక్కన అర్జునుడు, దుర్యోధనుడు విల్లు, గద పట్టుకుని బొమ్మల్లా నిలబడతారు. తెల్లవారుతుంది గానీ రాయబారం ముగియదు. ఫుట్‌బాల్ మైదానంలోనూ అదే జరిగింది. బంతి దొరికినవాడు ఈలల కోసం ఆడుతుంటే మిగతా పదిమంది చూస్తూ నిలబడేవారు.

పంతులుగారి వింత పోటీలు

రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి ఉపాధ్యాయులయ్యారు. తామూ ఆడేవారు. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షకునిగా జంటనగరాల ఆటను ఆయన చేతిలోకి తీసుకున్నారు.

బడిపంతులు గనుక, పిల్లవాడికి ఏది రాదో దానికే పరీక్ష పెట్టడం ఆయనకు తెలుసు. డ్రిబ్లింగు చేయకూడదని షరతు పెట్టి పోటీలు నడిపించారు. బంతి కాలికి తగిలీ తగలగానే పక్కవాడికి అందించాలి. ఒక్క తాకుతోనే. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితో. మైదానంలో మహా మొనగాళ్ళనిపించుకున్నవారు కూడా ఆ పోటీలో పిల్లల్లా తడబడి ఉంటారనడంలో ఆశ్చర్యం లేదు.

గడ్డివాము అంటుకున్నప్పుడు ఊళ్ళో ఏం చేస్తారు? బావి నుంచి వాము దాకా వరుసగా నిలబడతారు. బిందె చేతులు మారుతుంది. ఎవడూ బిందె పట్టుకుని పరుగెత్తడు, ఎవడూ దాన్ని గిరగిరా తిప్పి చూపించడు. అందరి అడుగూ నిలిచినచోటే ఉంటుంది, నీళ్ళు మాత్రం పరుగెత్తుతాయి. రహీం నేర్పిన ఆట అలాంటిది. మనిషి కన్న బంతి వేగంగా పోతుంది. ఎదుటి జట్టువాడు బంతి ఎవరి దగ్గరుందో చూసి అటు తిరిగేలోగా అది ఇంకొకరి కాలి దగ్గర ఉంటుంది.

మొదట్లో ఇది చూసి ఎందరు మొహం చిట్లించారో గానీ, ఒక సంగతి మాత్రం గమనించాలి. ఆయన తీసివేసింది ఒక రకం సొగసును. ఆ స్థానంలో వచ్చింది ఇంకో రకం సొగసు. ఒక్కడి గారడీ పోయి పదకొండు మంది పొందిక వచ్చింది. ముచ్చటైన ఆట వేరు, గెలిచే ఆట వేరు అని గిరి గీసి మాట్లాడేవారు రహీం సంగతి వచ్చేసరికి తికమక పడతారు. ఆయన ఏ వైపు మనిషి?

ఆటగాళ్ళు నిలబడే తీరు కూడా ఆయన మార్చారు. పాత పద్ధతిలో వెనుక ఇద్దరే, ముందు అయిదుగురు. 1958లో ప్రపంచ కప్పు గెలిచిన బ్రెజిల్ జట్టు నలుగురు వెనుక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు నిలబడి ఆడితే లోకమంతా ఆ పద్ధతి వెంటపడింది. లోకం పోకడ కనిపెట్టి మన ఆటగాళ్ళకు ఆ నిలబడే తీరు అలవాటు చేసినవారిలో ముందు చెప్పవలసిన పేరు రహీందే.

బీరువా నిండిన రోజులు

ఫలితం ఎలా ఉన్నదంటే, బొంబాయిలో జరిగే రోవర్సు కప్పును హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు గెలిచింది. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పును 1950లో, 1954లో, 1957లో ఎగరేసుకు వచ్చింది. రాష్ట్రం మారి ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టయ్యాక 1961లో మళ్ళీ గెలిచింది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లో, 1957-58లో హైదరాబాదు జట్టు, 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు గెలిచాయి. కలకత్తా పెద్ద క్లబ్బులకు హైదరాబాదు పోలీసులంటే బెదురు పట్టుకున్న రోజులవి.

1950 నుంచి భారత జట్టు బాధ్యత కూడా రహీందే. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి మనవాళ్ళు బంగారు పతకం సాధించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనలుకు వెళ్ళారు. ఆసియా ఖండం నుంచి అంతవరకు ఏ జట్టూ వెళ్ళని చోటు అది. చివరకు నాలుగో స్థానం దక్కింది.

అమ్ముగూడ బలరాం మెల్‌బోర్న్ వెళ్ళిన జట్టులో ఉన్నారు. అప్పటికి ఆయనకు ఇరవయ్యేళ్ళు. అమ్ముగూడ నుంచి హైదరాబాదు ఫతే మైదానానికి రోజూ వచ్చిపోవడానికి చేతిలో డబ్బు లేకపోతే, అద్దె సైకిలుకు రహీం సాహెబే పైకం ఇచ్చి రప్పించుకున్నారని చెబుతారు. సికింద్రాబాదు క్లబ్బుల్లో ఆడి సైన్యంలో చేరిన పీటర్ తంగరాజ్ దేశానికి గోల్‌కీపరయ్యారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, యూసుఫ్‌ఖాన్ ఇలా జంటనగరాల పేర్లు భారత జట్టు పట్టికలో వరుసగా కనిపించేవి.

అంత వైభవం తెచ్చిన రోవర్సు కప్పు ఇప్పుడు ఏమయింది? పోటీయే ఆగిపోయింది. 1891లో మొదలైన ఆ టోర్నమెంటు కొత్త శతాబ్దం మొదట్లోనే మూతపడింది. అయిదేళ్ళు వరుసగా గెలిచామంటే, దేనిని గెలిచారు అని నేటి కుర్రవాడు అడుగుతాడు. సంతోష్ ట్రోఫీ 1965-66 తరువాత తెలుగు జట్టు చేతికి మళ్ళీ రాలేదు. 2024 డిసెంబరులో ఆ పోటీ ఆఖరి ఘట్టం హైదరాబాదులోనే జరిగింది. గచ్చిబౌలి స్టేడియంలో ఫైనలు ఆడింది బెంగాలు, కేరళ. బెంగాలు 1-0తో గెలిచి కప్పు పట్టుకుపోయింది.

ఓడినా మరవనివి

కప్పు లెక్కలోకి రాని ఆటలు కొన్ని జనం నోట నిలిచిపోవడం చూస్తే, ఆట తీరును మెచ్చేవారి వాదంలో బలం ఉన్నట్టే తోస్తుంది.

1960 రోము ఒలింపిక్సు సంగతి తీసుకోండి. భారత జట్టుకు హంగరీ, ఫ్రాన్సు, పెరూ తగిలాయి. హంగరీ చేతిలో 2-1తో ఓడిపోయాం. ఆ ఒక్క గోలు బలరాం కొట్టిందే. ఫ్రాన్సును మన పి.కె. బెనర్జీ గోలుతో ఓడించేంత పని చేశాం. ఆట చివర్లో వారు సమం చేయడంతో 1-1. పెరూ చేతిలో 3-1తో ఓడిపోయాం. అక్కడా మన గోలు బలరాందే. పట్టికలో చూస్తే ఒక్క ఆటా గెలవని జట్టు. అయినా భారతదేశం పంపిన మంచి జట్లు ఏవి అంటే క్రీడాభిమానులు ఆ జట్టును తప్పకుండా లెక్కవేస్తారు.

హైదరాబాదు బిడ్డ మహమ్మద్ హబీబ్ కథ మరీ విచిత్రం. కలకత్తాలో ఆయన గెలిచిన కప్పులు ఇన్నీ అన్నీ కావు. కానీ ఆయన పేరు చెప్పగానే జనం తలచుకునేది 1977 సెప్టెంబరు 24. ఆ రోజు ఈడెన్ గార్డెన్సులో మోహన్‌బగాన్ జట్టు అమెరికా నుంచి వచ్చిన కాస్మాస్ జట్టుతో ఆడింది. కాస్మాసులో ఆడుతున్నది సాక్షాత్తు పీలే. ఆట 2-2తో సమంగా ముగిసింది. మోహన్‌బగాన్ గోళ్ళలో ఒకటి హబీబ్‌ది. అది స్నేహపూర్వకంగా జరిగిన ఆట. కప్పు లేదు, ఫైనలు కాదు, గెలుపు కూడా కాదు. 2023 ఆగస్టు 15న హబీబ్ హైదరాబాదులో చనిపోయినప్పుడు పత్రికలన్నీ ఆ ఆటనే గుర్తుచేశాయి.

ఇది మన దగ్గరే కాదు. 1950 ప్రాంతంలో హంగరీ జట్టు ఆడిన ఆట లోకాన్ని మురిపించింది. 1953లో ఇంగ్లండును వారి సొంత గడ్డ వెంబ్లీలోనే 6-3తో చిత్తు చేసింది. 1954 ప్రపంచ కప్పు తొలి ఘట్టంలో పశ్చిమ జర్మనీని 8-3తో ఓడించింది. తీరా ఫైనలులో అదే జర్మనీ 3-2తో గెలిచి కప్పు తీసుకుపోయింది. జర్మనీ వారికి అది పండుగే, కాదనలేం. కానీ ఫుట్‌బాల్ ఎలా ఆడాలో చెప్పే పంతుళ్ళు ఈనాటికీ పాఠం మొదలుపెట్టేది ఓడిన హంగరీతోనే.

కూడు పెట్టేది గెలుపే

ఇంతవరకు విని, అయితే కప్పు ఎందుకు, ఆడితే చాలు అని తీర్మానించుకుంటే అది కడుపు నిండినవాడి మాట అవుతుంది.

పోలీసు జట్టు ఎందుకు నడిచింది? కప్పులు తెచ్చింది గనుక. తెచ్చినంతకాలం బంతి బాగా ఆడే బీదపిల్లవాడికి జట్టులో చోటు, దానితో పాటు కొలువు దొరికేవి. సైన్యంలోనూ, రైల్వేలోనూ అంతే. 1966లో దక్షిణమధ్య రైల్వే సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడ్డాక, ఆటగాళ్ళ కోటాలో రైల్వే ఉద్యోగం అంటే చిలకలగూడ, మెట్టుగూడ ఇళ్ళల్లో పెద్ద ఆశ. ఆ దరఖాస్తులో ఎంత అందంగా ఆడతావు అనే గడి ఉండదు. ఏ పోటీలో ఎన్నో స్థానం అని ఉంటుంది. సర్టిఫికెట్టు ఉంటేనే పిలుపు. ఇంట్లో తల్లి అడిగేది కూడా అదే, ఈ బంతి తన్నితే ఏమొస్తుందిరా అని. కప్పు ఆమెకు చూపించగల సమాధానం.

అందమైన ఆట ఆడుతున్నామని మురిసిపోయి దెబ్బతిన్న సందర్భమూ ఉంది. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో మన జట్టులో చాలామంది ఉత్తకాళ్ళతో దిగారు. యుగోస్లావియా 10-1తో చితకబాదింది. ఆ జట్టు శిక్షకుడు కూడా రహీమే. ఉత్తకాళ్ళ సొగసు అక్కడితో చెల్లిపోయింది. తరువాత బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళకు బూట్లతో మెల్‌బోర్న్ వెళ్ళిన జట్టు సెమీఫైనలు ఆడిందంటే ఆ ఓటమి పాఠం వృథా కాలేదన్నమాట.

గెలవవలసిన చోట రహీం మొగమాటపడేవారు కారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి ఆటే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. వెనుక నిలబడి కాచుకునే జర్నైల్‌సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ను ఇంటికి పంపలేదు, వెనుకా ఉంచలేదు. అందరికన్న ముందు, గోలు కొట్టే చోట నిలబెట్టారు. కోట కాపలావాడికి కత్తి ఇచ్చి దండయాత్రకు పంపినట్టు. సెమీఫైనలులో ఆయన ఒక గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో మళ్ళీ అదే దక్షిణ కొరియా. మైదానంలో దాదాపు లక్షమంది జనం, ఎక్కువమంది మనకు ఎదురు. ఆతిథ్య దేశంతో వచ్చిన ఒక వివాదం వల్ల భారతీయుల మీద వారు కోపంగా ఉన్నారు. జ్వరం నుంచి లేచి వచ్చిన తంగరాజ్ గోలు కాశారు. బలరాం, యూసుఫ్‌ఖాన్ ముందు వరుసలో ఆడారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టగా 2-1తో బంగారు పతకం మనదయింది.

ఆ వేళకే రహీంను కాన్సరు తినేస్తున్నది. 1963 జూన్ 11న ఆయన పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మన దేశానికి తిరిగి రాలేదు.

ఇప్పుడు తూకం వేయండి. రహీం కప్పులను చిన్నచూపు చూసిన మనిషి కారు. కానీ కప్పు కావాలని కప్పు వెంట పరుగెత్తలేదు. వాటం లేని కాలికి పని నేర్పారు. ఒక్క తాకుతో బంతి ఇవ్వడం నేర్పారు. కప్పులు ఆ నేర్పు వెంట వచ్చాయి. చూసేవాడు కూడా ఆ వరుసలోనే చూడాలి. జట్టు ఏం నేర్చింది, ఎలా ఆడుతున్నది అన్నది ముందు. గెలిచిందా లేదా అన్నది ఆ తరువాత. తిరగేసి చూస్తే ఏమవుతుందో తెలియాలంటే దూరం పోనక్కర్లేదు.

కప్పు వచ్చింది, జట్టు వెళ్ళింది

2019లో హైదరాబాదు పేరుతో ఒక వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బు వెలిసింది. దేశంలో పెద్ద పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగును ఆ క్లబ్బు 2021-22లో గెలిచింది. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ దేశపు శిక్షకుని కింద చక్కటి ఆటే ఆడింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనలులో కేరళ జట్టుతో 1-1తో సమమై, పెనాల్టీల్లో 3-1తో నెగ్గింది. గోల్‌కీపరు కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోవిడు కారణంగా ఆ ఏడాది పోటీ అంతా గోవాలోనే నడిచింది గనుక హైదరాబాదు జనం ఒక్క ఆటా సొంత మైదానంలో చూడలేదు. రెండేళ్ళు తిరిగేసరికి, 2023-24లో ఆ జట్టు పట్టిక అడుగున ఉన్నది. 2025లో క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

సిటీ పోలీసుల కాలంలో ఆటగాళ్ళు కలకత్తాకు పోయేవారు. బలరాం 1957లో ఈస్ట్‌బెంగాల్‌కు పోయారు. హబీబ్, నయీముద్దీన్, షబ్బీర్ అలీ, సికింద్రాబాదు విక్టర్ అమల్‌రాజ్ అందరూ ఆ దారిన పోయినవారే. ఆటగాడు పోయినా అతనికి నేర్పిన మైదానం ఇక్కడే ఉండేది, ఇంకొకణ్ణి తయారుచేసేది. ఇప్పుడు క్లబ్బుకు క్లబ్బే పోయింది. చరిత్రలో ఒక వరుస మిగిలింది.

తిరుమలగిరి, బొల్లారం, లాల్‌బజారు వైపు సాయంకాలం ఇంకా బంతి ఆడే పిల్లలు కనిపిస్తారు. అయితే మిలిటరీ జాగాలకు కంచెలు పడ్డాయి, బస్తీ జాగాలకు ఇళ్ళు పడ్డాయి, మిగిలిన చోట క్రికెట్టు. పెరేడు గ్రౌండు పతంగుల పండుగకు, రాజకీయ సభలకు ఎక్కువ పనికొస్తున్నది. ఆ మాటకొస్తే పల్లెల్లోనే జాగా నయం. బడి ఆటస్థలం ఉంది, వేసవిలో ఎండిన చెరువు ఉంది. లేనిది జాగా కాదు, బడి పోటీల్లో షీల్డు కోసం పెద్ద వయసువాణ్ణి చిన్న వయసు జట్టులో నిలబెట్టకుండా ఉండే ఓపిక. అలా గెలిచిన బడికి ఆ ఏడు ఫోటో వస్తుంది. ఆ జట్టులో ఆడవలసిన పన్నెండేళ్ళ వాడు ఆట మానేస్తాడు.

రహీం పెట్టిన పోటీ పెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. బంతి ఒకటి కావాలి. గోలుకు రెండువైపులా రెండేసి రాళ్ళు. వైపుకు అయిదుగురు చాలు, ఎనిమిదిమంది ఉంటే మరీ మంచిది. బంతిని ఎవరైనా రెండోసారి తాకితే అది ఎదుటివారిది. అరగంట అలా ఆడాక, రెండో అరగంట వాటం లేని కాలితో. ఈల వేయడానికి బడిపంతులుగారు ఉంటే సరే, లేకపోతే గట్టు మీద కూర్చున్న పెద్దమనిషి ఎవరైనా సరే. మొదటి రోజు గోళ్ళు పడవు. బంతి ఎక్కువసార్లు చేలో పడుతుంది. నాలుగో రోజుకో అయిదో రోజుకో, బంతి ముగ్గురి కాళ్ళు మారి, ఎవరూ ఆపకుండా, రాళ్ళ మధ్య నుంచి పోతుంది.